ఆరోగ్యశాఖలోని ఖాళీలు – కర్షకునకు వానితో గల సంబంధము

విత్తనములు, ఎరువులు, చీడపీడలు – వీనిని గుఱించియే యీ పుటలలో వ్రాయుట నాకు అలవాటు. వ్యవసాయ ప్రదర్శకుడనగు నేను ఆరోగ్యశాఖవారి సిబ్బంది లెక్కలను గుఱించి వ్రాయబూనుట చూచి, సంఘ సభ్యులలో కొందఱు "ఇతనికి పొరుగువాని పొలములో పని యేమి?" అని యనుకొనవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ముందుగా దానికి సమాధానము చెప్పుకొని, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

కొన్ని యేండ్ల క్రిందట తూర్పుకనుమల పాదముననున్న యొక చిన్న పల్లెలో నేను వరి ప్రదర్శన క్షేత్రము నొకదానిని ఏర్పాటు చేసితిని. ఎకరము నేల, మంచి విత్తనము, నారు చక్కగా ఎదిగినది. ఇరువదియైదవ దినమున ఊడ్పునకు పూనుకొంటిమి. ఆనాటి యుదయము గట్టుమీద నిలిచి చూడగా, రావలసిన పదునొకండుగురిలో నలుగురు మాత్రమే వచ్చిరి. తక్కినవారు ఇండ్లలో దుప్పట్లు కప్పుకొని చలిజ్వరముతో వణకుచుండిరి. పొలము గల రైతు భార్యయు, పెద్ద కుమారుడును మంచము పట్టియుండిరి. ఊడ్పు పదునెనిమిది దినములు వెనుకబడినది. ముదిరిన నారు నాటినచో పిలకలు సరిగా వేయదని మీరెల్లరు ఎఱిగినదే. మేము ఎదురుచూచిన పంటలో సగమునకు కొంచెము మించి మాత్రమే కల్లమునకు వచ్చినది. ఆ రైతు పంట పెట్టుబడికై అచ్చటి సహకార సంఘమున తీసికొనిన అప్పులో సగము సూదిమందులకు పోయినది. బాకీ తీర్చుటకు కాడియెద్దులలో నొకదానిని అతడు అమ్ముకొనెను.

నా రిజిస్టరులో "దిగుబడి తగ్గుటకు కారణము" అను గడి యొకటి కలదు. అందు "ఆలస్యముగా నాటుట" అని వ్రాసి సంతకము చేసితిని. అది అబద్ధము కాదు. కాని పూర్తి నిజమును కాదు. ఆ రిజిస్టరులో జ్వరమునకు గడి లేదు.

పిమ్మట విచారింపగా తెలిసినదేమనగా – ఇంటింటికి తిరిగి, జ్వరము గలవారి వ్రేలినుండి రక్తపుచుక్క తీసి పరీక్షకు పంపవలసిన పురుష ఆరోగ్య కార్యకర్త, ఉద్యోగ విరమణ చేసి మూడేండ్లయినది. ఆ స్థానమున మఱియొకరిని వేయలేదు. ఏ.ఎన్.ఎం. ఒక్కతెయే తన ఉపకేంద్రమును, ఖాళీగానున్న పొరుగు ఉపకేంద్రమును కూడ చూచుకొనుచుండెను. ఆమె సోమరి కాదు. టీకాలు, గర్భిణీ స్త్రీల పరీక్షలు, జనన మరణముల లెక్కలు – వీనితోనే ఆమెకు సూర్యుడు క్రుంకుచుండెను. జ్వరము వచ్చినవారిని వెదకుకొనుచు పోవుటకు ఆమెకు తీఱిక యెక్కడిది?

ఇదియే నా సమాధానము. ఒక కార్యాలయములో నొక కుర్చీ ఖాళీయైనచో, ఆ ఖాళీ వచ్చి మన నారుమడి గట్టున నిలుచును. కావున ఈ కుర్చీల కథ కర్షకుడు కొంత తెలిసికొనవలసియున్నది.

మూడు లెక్కలు

"ఆరోగ్యశాఖలో ఇంతమంది కలరు" అని యెవరైన చెప్పినప్పుడు, ఏ లెక్క చెప్పుచున్నారో మొదట అడుగవలెను. ఏలనన లెక్కలు మూడు గలవు.

మొదటిది జనసంఖ్యనుబట్టి ఉండవలసిన లెక్క. మన దేశమున మైదాన ప్రాంతములలో 5,000 మందికి, కొండ ప్రాంతములలోను గిరిజన ప్రాంతములలోను 3,000 మందికి ఒక ఉపకేంద్రము. అట్లే 30,000 మందికి, కొండలలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము. 1,20,000 మందికి, కొండలలో 80,000 మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని యేర్పాటు. రెండవది ప్రభుత్వమువారు మంజూరు చేసిన పోస్టుల లెక్క. ఇది మొదటిదానికంటె తక్కువగా నుండవచ్చును. మూడవది నిజముగా పనిలోనున్న మనుష్యుల లెక్క. ఇది రెండవదానికంటె తఱచు తక్కువగానే యుండును.

మన చెఱువుల సంగతి యిట్టిదే గదా! రికార్డులోని ఆయకట్టు ఒకటి, తూము తీసిన నాడు నీరు పాఱగల భూమి వేఱొకటి, నిజముగా తడిసిన మడి మఱియొకటి. రికార్డు చూచి నాట్లు వేసిన రైతు ఏమగునో, మంజూరైన పోస్టులను చూచి ధైర్యము చెందిన గ్రామమును అదియే యగును.

ఈ మూడింటికి తోడు నాలుగవ చిక్కొకటి కలదు. కొందఱి పేరు ఒకచోట, పని మఱియొకచోట. దానిని "డెప్యుటేషను" అందురు. హాజరు పట్టీలో ఆ పోస్టు నిండియే యుండును; గ్రామమున మనిషి యుండడు. ఇట్టివి ఖాళీల పట్టికలో కానరావు.

1946 నాటి కొలత

ఈ లెక్కలు ఎచ్చటినుండి పుట్టినవో కొంచెము చూతము. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను నియమింపబడిన సంఘము, దేశపు ఆరోగ్యస్థితిని పరిశీలించి 1946లో నివేదిక సమర్పించెను. నాటి బ్రిటిషు ఇండియాలో సుమారు 6,300 మందికి ఒక వైద్యుడు, 43,000 మందికి ఒక నర్సు, 60,000 మందికి ఒక మంత్రసాని చొప్పున మాత్రమే ఉన్నట్లు ఆ సంఘమువారు లెక్కించిరి. ఆ కొద్దిమందిలోను అధికులు పట్టణములలో నుండిరి.

అందువలన వారు ప్రతి 40,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెననియు, అందు ఇద్దఱు వైద్యులు, ఒక నర్సు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు, శిక్షణ పొందిన నలుగురు దాయీలు, ఇద్దఱు శానిటరీ ఇన్‌స్పెక్టరులు, ఇద్దఱు ఆరోగ్య సహాయకులు, ఒక మందులవాడు, పదునైదుగురు క్రింది సేవకులు ఉండవలెననియు సూచించిరి. ఇది తాత్కాలికపు కనీసము మాత్రమే యనియు, ముందుముందు దీనిని పెంపవలెననియు వారి యభిప్రాయము.

జరిగినది వేఱు. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ఆరంభమై, బ్లాకునకొక ఆరోగ్య కేంద్రము చొప్పున స్థాపింపసాగిరి. బ్లాకు జనసంఖ్య అఱువది వేలు మొదలు లక్ష వఱకు నుండెను. నలువది వేలకని కోసిన దుప్పటిని లక్షమందికి కప్పిన ట్లాయెను. ఐనను దానిని నిందించుటకు నాకు మనసు రాదు. ఏమియు లేనిచోట ఏదో యొకటి వచ్చినది. కాని ఆనాటి కొఱత నేటి వఱకు మనలను వెంటాడుచున్నదను సంగతి మఱువరాదు.

గోడమీది గీతలు

సిబ్బంది పెరిగిన యెడల ఏమగునో, తగ్గిన యెడల ఏమగునో స్పష్టముగా చూపగల దృష్టాంతము మలేరియా చరిత్రకంటె వేఱొకటి లేదు. ఈ వ్యాధిని దోమలు వ్యాపింపజేయునను సత్యము తేలుటకు మన తెలుగునాటికిని సంబంధము కలదు. 1897 ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను.

1947లో మన దేశమున ఏటేట సుమారు 7 కోట్ల 50 లక్షల మంది మలేరియా పాలగుచుండిరనియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము ఆరంభమైనది. ఇండ్ల గోడలపై డి.డి.టి. చల్లుట అందు ముఖ్యమైన పని. ఫలితము ఎంత బాగుగా నుండెననగా, 1958లో "నియంత్రణ" అను పదమును తీసివైచి "నిర్మూలనము" అను పదమును ఉంచిరి.

అంతటితో నిలువక కాపలాదారులను కూడ ఏర్పఱచిరి. ప్రతి 10,000 మందికి ఒక మలేరియా కార్యకర్త. అతడు పక్షమునకొకమాఱు ప్రతి యింటికిని వచ్చి, "జ్వరమెవరికైన వచ్చినదా?" అని యడిగి, వచ్చినచో రక్తపుచుక్క గాజుపలకపై తీసికొని, మందుబిళ్లలు ఇచ్చి, గోడమీది గడిలో తేదీ వేసి పోవలెను. ఇట్టివారు నలుగురిపై ఒక ఇన్‌స్పెక్టరు. గోడమీది తేదీ చూచి, కార్యకర్త వచ్చెనో లేదో ఇన్‌స్పెక్టరు కనిపెట్టుచుండును.

నేను చదివిన మిషను పాఠశాల వసతిగృహపు గోడమీదను అట్టి గడులుండెను. అవి మలేరియా నిర్మూలన పథకపు తొలినాళ్లవి కావు, తరువాతి కాలమువి. ఖాకీచొక్కా తొడిగిన యా మనిషి సైకిలు దిగుట చూచినంతనే సూది భయముచే మేము వంటశాల వెనుకకు పరుగెత్తుచుంటిమి. వార్డెనుగారు మమ్ము వెదకి తెచ్చి వరుసగా నిలువబెట్టెడివారు. ఆ మనిషి యేమి జీతము పుచ్చుకొనెనో, ఎన్ని మైళ్లు నడచెనో ఆనాడు మే మెఱుగము. అతడు రాని నాడు అతనిని గుఱించి తలచినవారును లేరు.

కాపలా తగ్గిన ఫలము

1965 నాటికి దేశమంతటను నమోదైన మలేరియా రోగులు సుమారు లక్షమంది మాత్రమే. ఏడున్నర కోట్లెక్కడ, లక్ష యెక్కడ! ఆ సంవత్సరమున మలేరియాచే మరణించినట్లు ఒక్కని పేరైనను నమోదు కాలేదు.

అచ్చటనే పొరపాటు మొలకెత్తినది. వ్యాధి తగ్గిన ప్రాంతములను "పోషణ దశ"లోనికి చేర్చి, ప్రత్యేక సిబ్బందిని తీసివైచి, కాపలాపనిని సాధారణ ఆరోగ్యశాఖకు అప్పగింపదలచిరి. 1963లో చడ్డా సంఘమువారు, 10,000 మందికి ఒక బేసిక్ హెల్త్ వర్కరు ఉండి, నెలకొకమాఱు ఇంటింటికి తిరుగవలెననియు, అతడే జనన మరణముల లెక్కలును, కుటుంబ నియంత్రణ ప్రచారమును చేయవలెననియు సూచించిరి. పక్షమునకొకమాఱు జరుగు పని నెలకొకమాఱు అయినది. ఒకటే పని మూడు పనులయినది. రెండేండ్లు గడువకముందే, 1965లో ముఖర్జీ సంఘమువారు పరిశీలించి, ఈ కార్యకర్తలు మలేరియాపనికిగాని, కుటుంబ నియంత్రణకుగాని న్యాయము చేయలేకున్నారని తేల్చి, ఆ రెండవ పనికి వేఱు సిబ్బంది నుంచవలెనని చెప్పిరి.

ఇంతలో దోమ ఊరకుండలేదు. 1976లో మలేరియా రోగుల సంఖ్య 64 లక్షలు దాటినది. పదునొకండేండ్లలో అఱువది రెట్లకు మించి పెరిగినది!

సిబ్బంది తగ్గుట యొక్కటియే దీనికి కారణమని నేననను. దోమలు డి.డి.టి.కి అలవాటుపడినవి. మందు సకాలమున అందలేదు. క్రిమి కొన్నిచోట్ల క్లోరోక్వినునకు లొంగకపోయినది. పట్టణములను మొదట ఉపేక్షించిరి. ఐనను ఒక్క విషయము ఆలోచింపుడు. ఇట్టి చిక్కులెన్ని వచ్చినను, జ్వరము మొదటి పది ఇండ్లలో నుండగనే పసిగట్టు మనిషి యుండినచో దానిని పదియిండ్లలోనే ఆపవచ్చును. చెఱువుకట్టకు ఎలుకబొక్క పడినప్పుడు ఒక తట్ట మన్ను చాలును. గండి పడిన పిమ్మట ఊరెల్ల కదలినను చాలదు. నాలుగేండ్లు గండి పడలేదని కట్టమీది కావలివానిని మాన్పించిన ఊరు, అతనికిచ్చు ధాన్యము మిగిలినదని సంతోషించును. ఐదవయేట పంటయే పోవును.

ఇచ్చట నొక సందేహము రావచ్చును. "వ్యాధి పోయిన పిమ్మటను సిబ్బందిని శాశ్వతముగా పోషింపవలెనా?" అని. అన్ని వ్యాధులకు ఒకటే న్యాయము కాదు. మసూచిని చూడుడు. ఆ వ్యాధి మనుష్యునకు తప్ప జంతువునకుగాని, పురుగునకుగాని రాదు. 1975లో మన దేశమున చివరి రోగి కానవచ్చెను. 1980లో ప్రపంచమంతటను మసూచి నశించినదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ప్రకటించిరి. అందుచే మసూచి టీకాలు వేయు ఉద్యోగులను వేఱుపనులకు మార్చుట తప్పు కాదు. మలేరియా యట్టిది కాదు. రోగులు తగ్గినను దోమ మన కాలువల యంచుననే యున్నది. విత్తు పోయినను నేల సిద్ధముగనే యున్నది. ఇట్టి వ్యాధివిషయమున రోగుల సంఖ్యనుబట్టి కాపలాదారులను తగ్గించుట ప్రమాదకరము.

ఒక్కని తలపై పలు బరువులు

1973లో కర్తార్ సింగ్ సంఘమువారు మఱియొక మార్గము చూపిరి. మలేరియాకొకడు, టీకాలకొకడు, కంటిజబ్బునకొకడు, కుటుంబ నియంత్రణకొకడు – ఇట్లు ఒక యింటికే నలుగురైదుగురు వేర్వేఱుగా తిరుగుట వ్యర్థమనియు, వారందఱిని కలిపి "బహుళార్థ ఆరోగ్య కార్యకర్త"లుగా మార్చవలెననియు వారి సూచన. 3,000 మొదలు 3,500 మందికి ఒక ఉపకేంద్రము. అందు ఒక స్త్రీ, ఒక పురుషుడు. లెక్క మంచిదే. ఎద్దులజతవలె ఇద్దఱు కలిసి లాగినచో బండి నడచును.

కాని జత నిలువలేదు. స్త్రీ కార్యకర్తయగు ఏ.ఎన్.ఎం. జీతమును కుటుంబ సంక్షేమ పథకముక్రింద కేంద్ర ప్రభుత్వమువారు భరించుచు రాగా, పురుష కార్యకర్త జీతము రాష్ట్రముల మీద పడినది. బొక్కసము ఇఱుకైనప్పుడెల్ల, విరమించిన పురుషుని స్థానము నిండక మిగిలిపోవుచు వచ్చినది. కేంద్రమువారు ప్రకటించిన గ్రామీణ ఆరోగ్య గణాంకములను తిరుగవేసినచో, ఉండవలసిన పురుష కార్యకర్తలలో సగమునకు మించి కొఱత యున్నట్లు ఏండ్ల తరబడి కానవచ్చును. నేను చెప్పిన పల్లెలోని ఖాళీయు ఆ పెద్ద లెక్కలోని యొక అంకెయే. పై మెట్టున స్థితి యింకను విచారకరము. 2021–22 గణాంకములనుబట్టి, గ్రామ ప్రాంతములలోని సామాజిక ఆరోగ్య కేంద్రములకు కావలసిన ప్రత్యేక వైద్యులలో నూటికి ఎనబదిమంది వఱకు లేరు.

ఖాళీలను పూరించుటకు బదులు, మధ్యమధ్య తక్కువ వ్యయమున క్రొత్త వారిని చేర్చుటయు జరిగినది. 1977 అక్టోబరు 2వ తేదీన, వెయ్యిమందికొకరు చొప్పున గ్రామమునుండియే ఆరోగ్య కార్యకర్తలను ఎన్నుకొని, నెలకు 50 రూపాయల పారితోషికముతో పనిలో నియమించిరి. వారికి పేర్లు పలుమాఱులు మార్చిరి గాని ఆదరము పెంచలేదు. ఆ పథకము క్రమముగా క్షీణించినది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ఆరంభమైనప్పుడు, మఱల వెయ్యిమందికొకరు చొప్పున "ఆశా" కార్యకర్తలు వచ్చిరి. ఏ.ఎన్.ఎం.కు తోడుగా రెండవ ఏ.ఎన్.ఎం.ను కాంట్రాక్టు పద్ధతిని నియమించుటయు అప్పుడే మొదలైనది. 2018 నుండి ఉపకేంద్రములను స్వస్థతా కేంద్రములుగా మార్చి, వైద్యునకును ఏ.ఎన్.ఎం.కును నడుమ నొక మధ్యస్థాయి ఆరోగ్యోద్యోగిని ఉంచ నారంభించిరి. 2019లో ఆంధ్రప్రదేశమున గ్రామ సచివాలయము లేర్పడినప్పుడు వానిలో ఏ.ఎన్.ఎం.లకు స్థానము కల్పించిరి.

ఈ స్త్రీలు చేసిన పని చిన్నది కాదు. 2020, 2021 సంవత్సరములలో కరోనా వ్యాపించినప్పుడు, రెండు తెలుగు రాష్ట్రములలోను ఇంటింటికి తిరిగి జ్వరముల సర్వే చేసినవారు వీరే. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసంస్థవారు భారతదేశపు ఆశా కార్యకర్తలను సన్మానించిరి. ఐనను వారికి స్థిరమైన జీతము కాక, చేసిన పనినిబట్టి ప్రోత్సాహక ధనము ఇచ్చుట మొదటినుండియు పద్ధతి. రెండెకరముల పొలమును ఒక పాలేరు దున్నగలడని, పదియెకరములు అతనికే అప్పగించి, కూలి మాత్రము దుక్కి లెక్కన ఇచ్చెదమన్నచో ఏ పాలేరు నిలుచును?

నేటి స్థితి

ఇప్పుడు మనము ఎచ్చటనున్నామో చూడుడు. 2015లో దేశమున 11 లక్షల 69 వేలుగా నున్న మలేరియా రోగుల సంఖ్య 2023 నాటికి సుమారు 2 లక్షల 27 వేలకు తగ్గినది. క్రొత్త పరీక్షా సాధనములు, మందు పూసిన దోమతెరలు, మంచి ఔషధములు, ఆశా కార్యకర్తల శ్రమ – ఇవియన్నియు కలిసి తెచ్చిన ఫలమిది. 2030 నాటికి వ్యాధిని తొలగింపవలెనని ప్రభుత్వపు సంకల్పము. మిక్కిలి సంతోషింపదగిన సంగతి.

కాని 1965లోను మన మిట్లే సంతోషించితిమి. అంకె చిన్నదైనప్పుడు "ఇక నింతమంది యేల?" అను ప్రశ్న పుట్టుట సహజము. కార్యాలయములో కూర్చుండి చూచువానికి, పది యూళ్లు తిరిగి ఒక్క జ్వరరోగినైనను కనుగొనని కార్యకర్త పని లేనివానివలె కనబడును. నిజమునకు అతడు తిరుగుటచేతనే రోగి లేడు. మా శాఖలోను ఇట్టి పొరపాటు కలదు. సుడిదోమ రాని సంవత్సరమున పొలము చూచువారిని తగ్గింతురు. వచ్చిన సంవత్సరమున మందుకై పరుగెత్తుదురు.

లోపము ప్రభుత్వముది మాత్రమే యనుట న్యాయము కాదు. మన గ్రామములలో ఏ.ఎన్.ఎం. నివసించుటకు తలుపు గడియ సరిగా నుండు గది యొకటి అద్దెకు దొరకదు. సూది వేయనివారిని వైద్యులుగా మనము తలపము. రక్తపుచుక్క అడిగిన ఆశా కార్యకర్తను "మాకేమియు లేదు, పొమ్ము" అని వాకిటినుండియే పంపుదుము. ఇట్టి యూరిలో ఎవరు నిలువగోరుదురు?

మనము చేయదగినవి

ఉద్యోగులను నియమించు అధికారము మనకు లేదు. ఐనను చేయదగిన పనులు కొన్ని గలవు. సంఘ సభ్యులు వీనిని ఆలోచింపవలెనని కోరుచున్నాను.

1. గ్రామసభలో మూడు ప్రశ్నలు అడుగుడు: మన ఉపకేంద్రమునకు మంజూరైన పోస్టులెన్ని? నిండినవెన్ని? నిండినవారిలో ఇచ్చటనే పనిచేయుచున్నవారెందఱు? జవాబు మినిట్సు పుస్తకమున వ్రాయింపుడు. జవాబు రానిచో, 2005 నాటి సమాచార హక్కు చట్టముక్రింద దరఖాస్తు పెట్టుకొనవచ్చును. సాధారణముగా 30 దినములలో బదులు రావలెను. కోపముతో కూడిన వంద అర్జీలకంటె అంకెలతో కూడిన యొక తీర్మానము మేలు.

2. సర్పంచి ఆధ్వర్యమున గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘము ఉండవలెనను ఏర్పాటు కలదు. అది మీ యూర సమావేశమగుచున్నదో లేదో, దానికి వచ్చు సొమ్ము దేనికి వ్యయమగుచున్నదో కనుగొనుడు. మన సహకార సంఘపు డైరెక్టరు ఒకరు ఆ సమావేశములకు హాజరగుట మంచిది.

3. సంఘపు గోదాములో ఖాళీగది యున్నచో, వారమునకొకనాడు ఆరోగ్య కార్యకర్త కూర్చుండుటకు ఇయ్యుడు. ఎరువునకు వచ్చినవారు రక్తపరీక్షయు చేయించుకొని పోవుదురు.

4. చలితో జ్వరము వచ్చినచో ఆ దినముననే పరీక్ష చేయించుకొనుడు. ఆశా కార్యకర్తవద్ద ఈ పరీక్ష ఉచితము. జ్వరము దిగినదని మందును నడుమ మానరాదు. ఒక రకపు మలేరియాకు పదునాలుగు దినములు మందు మ్రింగవలసియుండును. నడుమ మానినవానికి అది మఱల తిరిగి వచ్చును.

5. దోమ గ్రుడ్డునుండి ఎగురుదశకు వచ్చుటకు ఎండకాలమున సుమారు వారము, పది దినములు పట్టును. కావున వారమునకొకమాఱు తొట్లు, కుండలు ఖాళీచేసి ఆఱబెట్టినచో దాని వంశము తెగును. మా వసతిగృహమున ప్రతి శుక్రవారమును ఇట్లు చేయించెడివారు. వరిపొలములలో అన్నివేళల నీరు నిలుపక, వీలైనచోట తడి యాఱిన పిమ్మట మఱల నీరు పెట్టు పద్ధతిని అవలంబించినచో నీరు కలిసివచ్చును, దోమలును తగ్గును. పొట్టదశలోను, పూతదశలోను మాత్రము మడి ఎండనీయరాదు.

6. చివరిది సంఘపు గుమాస్తాలకు. అప్పు సకాలమున తీర్పని సభ్యునిచెంత కారణము వ్రాసికొనునప్పుడు, "ఇంట జబ్బు" అను గడి యొకటి ప్రత్యేకముగా ఉంచుడు. ఎన్ని నాగళ్లు జ్వరముచే నిలిచినవో, ఎంత పంట ఋణము మందులకు పోయినదో ఆ గడి చెప్పును. జిల్లా అధికారులయెదుట "మా కార్యకర్త స్థానము నింపుడు" అని యడుగునప్పుడు ఆ అంకెలే మనకు ప్లీడరులు. నా రిజిస్టరులో నేను ఎఱ్ఱసిరాతో అట్టి గడి యొకటి గీసికొంటిని. పైయధికారులు దానిని గుఱించి ఇంతవఱకు ఏమియు అనలేదు.

ఆ కొండపాదపు పల్లెకు నేను తిరిగి పోయినప్పుడు పురుష కార్యకర్త స్థానము ఇంకను ఖాళీగనే యున్నది. ఆశా కార్యకర్త చేతిలో మాత్రము పరీక్షాసాధనముల పెట్టె యుండెను. రైతు, ఒక ఎద్దును పొరుగువానివద్ద బదులు తీసికొని దున్నుచుండెను. గ్రామసభలో అడుగవలసిన ప్రశ్నలను అతనికి కాగితముమీద వ్రాసి యిచ్చి వచ్చితిని. అతడు దానిని మడచి తలపాగాలో పెట్టుకొనెను.

వచ్చు మాసమున నారుమడి తయారీని గుఱించియు, విత్తనశుద్ధిని గుఱించియు వ్రాసెదను.